ఆ బాక్స్‌ను ఆపేయకండి

ఏదైనా ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు విండోస్ చూపే పర్మిషన్ బాక్స్ విసిగిస్తే, దాన్ని నియంత్రించే యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్) స్లైడర్‌ను 'నెవర్ నోటిఫై'కి, అంటే ఇక అడగకుండా, దించేయమని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ సలహా తీసేయండి. 2007లో విండోస్ విస్టాతో ఇళ్లకు వచ్చిన ఈ బాక్స్, కంప్యూటర్‌లో మార్పులు చేసే అధికారమున్న అడ్మిన్ ఖాతాలో 'ఎస్' నొక్కితే చాలంటుంది. ఆ అధికారం లేని స్టాండర్డ్ ఖాతాలో అయితే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

మా ఇంట్లో నలుగురం ఒకే అడ్మిన్ ఖాతా వాడేవాళ్లం. మావాడు ఏదో గేమ్ కోసం 'ఎస్' నొక్కితే ఇంకేవో ప్రోగ్రాములు కూడా ఎక్కేశాయి. బ్రౌజర్ నిండా యాడ్సే. నెట్ బ్యాంకింగ్ కూడా అందులోనే చేసేదాన్ని, ఎంత టెన్షన్ పడ్డానో! ఇప్పుడు అడ్మిన్ ఖాతా విడిగా పెట్టాం. నాతో సహా అందరికీ స్టాండర్డ్ ఖాతాలే. బాక్స్ వస్తే పిల్లలు నన్ను పిలుస్తారు, పబ్లిషర్ (ప్రోగ్రామ్ తయారుచేసిన సంస్థ) పేరు చదివాకే పాస్‌వర్డ్ కొడతాను. అన్నట్టు, ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో దాచుకోండి.