పద్నాలుగో ప్రశ్న

ఈ గొడవకు కారణం నేను కాదు, పద్నాలుగో ప్రశ్న. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆదివారం నుంచి పర్లాకిమిడిలో ఎవరూ నన్ను ఈ మాట పూర్తి చేయనివ్వడం లేదు.

మా సంఘంలో బైబిలు క్విజ్. నడపాల్సినాయనకు జ్వరం. శనివారం రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "తమ్ముడూ, నీకు మైకు భయం లేదు కదా" అన్నారు. లేదన్నాను. ప్రశ్నల కాగితం కమిటీ నుంచి వాట్సాప్‌లో వచ్చింది. కమిటీ అంటే ఎక్కడో కూర్చుని లోకంలోని సత్యాన్నంతా ఎ, బి, సి, డి గళ్లలో సర్దేసే పెద్దలు. రెండు టీములు, ఒకటి బెత్లెహేము, ఇంకొకటి నజరేతు. బజరు లేదు కాబట్టి చెరొక స్టీలు కంచం, చెరొక గరిటె.

పదమూడు ప్రశ్నలు బాగానే గడిచాయి. నోవహు ఓడ పొడవు 300 మూరలు, మెతూషెల బతికింది 969 ఏళ్లు. ఇలాంటివాటికి గళ్లు సరిపోతాయి. తర్వాతిది చూడండి.

"తండ్రి, కుమారుడు: వీరిలో ఎవరు గొప్ప? ఎ) తండ్రి, బి) కుమారుడు, సి) ఇద్దరూ సమానం, డి) పైవేవీ కావు."

ఆ 'డి' ఎందుకు పెట్టారో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. తండ్రీ కాదు, కుమారుడూ కాదు, సమానమూ కాదంటే ఇక మిగిలింది ఎవరు, కమిటీ కార్యదర్శిగారా?

నజరేతు కంచం మోగింది. "ఎ! యోహాను 14:28. తండ్రి నాకంటె గొప్పవాడు." నా కాగితం మీద కూడా 'ఎ' అనే ఉంది. కరెక్ట్ అన్నాను. అనీ అనకముందే బెత్లెహేము కంచం మోగింది. "అంకుల్, సి! యోహాను 10:30. నేనును తండ్రియును ఏకమై యున్నాము." రాసినాయన ఒక్కడే, సువార్త ఒక్కటే, మధ్యలో నాలుగు అధ్యాయాల దూరం. హాల్లో కుడివైపు వాళ్లు నజరేతు పక్షం, ఎడమవైపు వాళ్లు బెత్లెహేము పక్షం అయిపోయారు. ఫ్యాన్ల కింద కూర్చున్నవాళ్లు మాత్రం ఏ పక్షమూ కాదు.

అయ్యా కమిటీవారూ, ఇది ఒక మార్కు ప్రశ్నా? అలెగ్జాండ్రియాలో అరియస్ అనే పెద్దాయన "కుమారుడు లేని సమయం ఒకటుండేది" అన్నందుకు 325లో నైసియా అనే ఊళ్లో సభ పెట్టారు. పెట్టించింది చక్రవర్తి కాన్‌స్టంటైన్. బిషప్పులు వందల్లో వచ్చారు. కుమారుడు సృష్టించబడినవాడు కాదు, తండ్రి నుంచి జనించినవాడు, తండ్రిదీ ఆయనదీ ఒకే సారం అని తేల్చారు. తేలిందా? లేదు. 'ఒకే సారం' అనాలా, 'పోలిన సారం' అనాలా అని తర్వాత కొన్ని దశాబ్దాలు కొట్టుకున్నారు. గ్రీకులో ఆ రెండు మాటలకూ తేడా ఒక్క అక్షరం, మన అక్షరం మీద గుడి ఉన్నట్టా లేనట్టా అన్నంత. అతనాసియస్ అనే బిషప్పును ఆ గొడవల్లో అయిదుసార్లు ఊరి నుంచి వెళ్లగొట్టారు. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో మళ్లీ సభ పెడితే గాని ఒక కొలిక్కి రాలేదు. దాన్ని మీరు ముప్పై సెకన్లలో కంచం కొట్టి చెప్పమన్నారు.

నేను చేయాల్సింది ఒకటే. "దేవత్వంలో సమానం, మనిషిగా వచ్చిన స్థితిలో తండ్రికి లోబడ్డవాడు, రెండు వాక్యాలూ నిజమే, చెరొక మార్కు" అని ముందుకెళ్లిపోవడం. క్రైస్తవులు పాతకాలం నుంచి చెప్పుకుంటున్న జవాబే అది. కానీ చేతిలో మైకు ఉంది. మైకు పట్టుకున్నవాడికి పోలిక ఒకటి చెప్పాలనిపిస్తుంది.

నీళ్లు, మంచుగడ్డ, ఆవిరి పోలిక చెప్పకూడదని నాకు తెలుసు. ఒకే ఆయన మూడు వేషాలు వేశాడన్నట్టు అవుతుందనీ, అది సబెల్లియస్ అనే ఆయన పడిన గొయ్యి అనీ పాస్టరుగారు ఇదివరకే ఒకసారి నన్ను మందలించి ఉన్నారు. గుడ్డులో పెంకు, తెల్లసొన, పచ్చసొన అంటే దేవుణ్ణి ముక్కలు చేసినట్టు. సూర్యుడు, కిరణం పోలిక మంచిదే, కానీ మరీ పాతది. నాకు కొత్తది కావాలి. ఎదురుగా మూడో వరసలో మా నాన్న కనిపించారు. కొత్తది దొరికింది.

"బ్యాంకులో జాయింట్ ఖాతా తీసుకోండి" అన్నాను.

అమ్మ పోయాక నాన్న సేవింగ్స్ ఖాతాలో ఆవిడ పేరు ఉన్నచోట నా పేరు చేరింది. పాస్‌బుక్ మీద 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని ఉంటుంది. ఇద్దరిలో ఎవరైనా తీయొచ్చు, లేదా మిగిలినవారు. "ఖాతా ఒక్కటే, పేర్లు రెండు. డబ్బు నాన్నది ఇంత, నాది ఇంత అని గీత ఉండదు. ఆయన సంతకం ఎంతో నా సంతకమూ అంతే. ఏకమై యున్నాము!" అన్నాను. ఎవరో ఆమెన్ కూడా అన్నారు. ఆ ఆమెనే నన్ను ముంచింది.

రిటైరైన నర్సమ్మగారు లేచారు. "బాబూ, ఆ సర్వైవర్ ఏటి? తండ్రి పోతే గాని కుమారుడికి రాదనా? లేకపోతే సిలువ మీద కుమారుడు పోయాక తండ్రి సర్వైవరా? మరి మూడో రోజు లేచాడు కదా, అప్పుడు ఖాతా ఎవరిది?"

నా దగ్గర జవాబు లేదు. ఏ మేనేజరు దగ్గరా ఉండదు. ఇంతలో బెత్లెహేము టీములోంచి ఆరో తరగతి పిల్ల చెయ్యెత్తింది. "అంకుల్, మరి పరిశుద్ధాత్మ నామినీయా?"

పాస్టరుగారు ముందు వరసలో కళ్లు మూసుకున్నారు. ప్రార్థిస్తున్నారో నవ్వు ఆపుకుంటున్నారో తెలియలేదు. ఇక ఉదాహరణ ఇస్తే గాని జనం దారిలోకి రారనుకున్నాను.

"చూడండి, రెండు నెలల కిందట నేను ఆ ఖాతాలోంచి 5,500 తీశాను. నాన్నను అడిగానా? అడగలేదు. ఎందుకు అడగాలి? మేమిద్దరం ఒక్కటే కదా!"

నోట్లోంచి వెళ్లిపోయాక ఆ అంకె హాలంతా ఒకసారి తిరిగి మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ 5,500 గురించి నేను నాన్నకు చెప్పింది వేరు. బ్యాంకువాళ్లు ఏవో చార్జీలు కోశారన్నాను. నాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. రెండు నెలలుగా ఆయన ఆ చార్జీల మీద యుద్ధం చేస్తున్నారు. రెండుసార్లు లైన్లో నిలబడ్డారు. ఒకసారి సర్వర్ డౌన్, ఇంకోసారి పాస్‌బుక్ మిషన్ పాడు. ఆ మిషన్ బాగుండి ఉంటే ఇదంతా జరిగేదే కాదు, ఇంట్లో నాలుగు గోడల మధ్య మర్యాదగా తిట్లు తినేవాణ్ణి. ఫిర్యాదు ఉత్తరం కూడా రాశారు. దాన్ని సాఫుగా తిరగరాసి ఇచ్చింది నేనే.

నాన్న ఏమీ అనలేదు. జేబులోంచి కళ్లద్దాల పెట్టె తీశారు. ఆ పెట్టెకు రబ్బరు బ్యాండు ఉంటుంది. మా నాన్న రబ్బరు బ్యాండు తీసే పద్ధతి వేరు, తెంపకుండా, సాగకుండా, ఒక్కో మూల నుంచి జరుపుకుంటూ వస్తారు. తీసి మణికట్టుకు వేసుకున్నారు. అద్దాలు తుడిచారు. రెండోది కూడా తుడిచారు. బైబిలు అందుకున్నారు. అట్ట ఊడితే అమ్మ నల్ల గుడ్డతో కుట్టిన బైబిలు. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. మత్తయి. మార్కు. లూకా. మధ్యలో ఆగి ఒక పాత కరెంటు బిల్లు తీసి చూసి మళ్లీ పెట్టారు. ఆ కరెంటు బిల్లు దగ్గర ప్రభువు రెండో రాకడ జరిగినా బాగుండును అనుకున్నాను. కానీ ఆ దినమూ గడియా తండ్రికి తప్ప కుమారుడికి కూడా తెలియదని మార్కు 13:32లో ఉంది. నాకేం తెలుస్తుంది?

వెనక వరసలో రాయగడ నుంచి వచ్చిన ఒడియా కుటుంబం ఉంది. తెలుగు అంతంతమాత్రం. వాళ్లకు పక్కనున్నాయన మొదటి నుంచీ చెవిలో అనువాదం చేస్తున్నాడు. నైసియా, సారం, సమానత్వం అన్నీ చెప్పడానికి పాపం చాలా అవస్థ పడ్డాడు. ఇప్పుడు మాత్రం మూడే మాటల్లో తేల్చేశాడు, నాకు స్పష్టంగా వినిపించింది. "పుఅ టంకా నేలా." కొడుకు డబ్బు తీసుకున్నాడు. ఆ ఇంటి పెద్దావిడ "ఆహా" అని తలూపింది. పొద్దుట్నుంచి ఆవిడకు పూర్తిగా అర్థమైన వాక్యం అదొక్కటే.

అప్పుడే నా చేతికి ఉన్న స్మార్ట్ వాచీ కంపించింది. 5,500 దేనికి ఖర్చయిందని మీరు ఇంకా అడగలేదు. దీనికే. "మీ గుండె వేగం 128. కూర్చుని విశ్రాంతి తీసుకోండి" అని చూపిస్తోంది. డబ్బు వృథా కాలేదు, చాలా కచ్చితంగా పనిచేస్తోంది.

నాన్న నిలబడ్డారు. మైకు ఇవ్వబోతే అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపారు. ముప్పై ఏళ్లు అరవైమంది పిల్లలకు లెక్కలు చెప్పిన గొంతు.

"యోహాను సువార్త అయిదో అధ్యాయం, పంతొమ్మిదో వచనం. తండ్రి యేది చేయుట కుమారుడు చూచునో, అదే కాని తనంతట తాను ఏదియు చేయ..." అక్కడ ఆగి అద్దాల పైనుంచి నన్ను చూశారు. "...నేరడు."

వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. అయినా మా బైబిలు ఇంకా 'చేయనేరడు' దగ్గరే ఉంది. చేయలేడు అని ఉంటే పిల్లలకు తిన్నగా అర్థమయ్యేది. వాళ్లకు వినిపించింది నేరం. నజరేతు టీములో ఒక గుంటడు గట్టిగానే అడిగాడు. "అంటే అంకుల్ నేరం చేశాడా?"

తర్వాత ముగింపు ప్రార్థన ఎవరు చేశారో, టీ, బిస్కెట్లు ఎవరు పంచారో, ఏ టీము గెలిచిందో నాకు తెలియదు. బరంపురంలో ఉన్న అక్కకు మధ్యాహ్నం రెండింటికల్లా తెలిసిపోయింది. ఫోనెత్తగానే "నామినీని మాట్లాడుతున్నాను" అంది.

రాత్రి నిద్ర పట్టక చదువుతూ కూర్చున్నాను. తండ్రీ కుమారుడూ అచ్చంగా ఒక్కరే అన్న ప్రాక్సియాస్ అనే ఆయన్ని, మూడో శతాబ్దం మొదట్లో కార్తేజ్‌లో తెర్తుల్లియన్ అనే పండితుడు "నువ్వు తండ్రినే సిలువ వేశావు" అని తిట్టాడట. మూడో వరసలో రబ్బరు బ్యాండు తీస్తున్న మొహం గుర్తొచ్చి ఆ పేజీ మూసేశాను. ఇంకోచోట నిస్సా ఊరి బిషప్పు గ్రెగరీ తన కాలపు కాన్‌స్టాంటినోపుల్ గురించి వాపోయాడు. రొట్టె ధర ఎంతంటే తండ్రి గొప్ప, కుమారుడు తక్కువ అంటారట. స్నానానికి నీళ్లు పెట్టారా అంటే కుమారుడు శూన్యంలోంచి వచ్చాడంటారట. చదివినప్పుడు నవ్వుకున్నాను.

సోమవారం బజారుకెళ్లి ఉల్లిపాయలు కిలో ఎంతన్నాను. కొట్టతను తూచుతూనే "మీకు ధరతో పనేంటండి, ఖాతా జాయింటే కదా" అన్నాడు. అతను మా సంఘం మనిషి కూడా కాదు. పాతపట్నం బస్సు దగ్గర కండక్టరు చిల్లర ఇస్తూ "నాన్నగారితో చెప్పే బయల్దేరారా" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి కమిటీ నుంచి వాట్సాప్ వచ్చి ఉంది. పద్నాలుగో ప్రశ్న రద్దు చేశారట. రెండు టీములకూ చెరొక మార్కు కలపాలట. కింద ఇంకో వాక్యం ఉంది. క్విజ్ నడిపేవారు ఇకపై సొంత వివరణలు ఇవ్వరాదు. డి పెట్టినవాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

నాన్న వరండాలో కూర్చుని బ్యాంకు ఫారం నింపుతున్నారు. 'ఐదర్ ఆర్ సర్వైవర్' కొట్టేసి, ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు ఇచ్చేలా మార్పించే ఫారం. మార్చాలన్నా ఇద్దరూ సంతకం పెట్టాలట. పెన్ను నా వైపు జరిపి, చేతికి ఉన్న వాచీ వైపు చూసి, "టైమెంతైంది రా?" అన్నారు.