ఎండార్స్‌మెంట్ సర్టిఫికెట్ గారికి

మహారాజశ్రీ ఎండార్స్‌మెంట్ సర్టిఫికెట్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, నా పరిశోధన గ్రాంటు దరఖాస్తుకి మా సంస్థ హామీ పత్రంగా జతకావాల్సిన తమరు, పోర్టల్ మూసేశాక క్షేమంగా చేరారు. ప్రస్తుతం నా టేబుల్ మీద ఫ్యాన్ గాలికి హాయిగా రెపరెపలాడుతున్నారు.

మిగతావన్నీ ఎప్పుడో రెడీ. ఆబ్జెక్టివ్స్, ఏ పని ఎప్పుడో చూపే గాంట్ చార్ట్, జేఆర్ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలోకి) నెలకు 37,000 ప్లస్ హెచ్ఆర్ఏ, మూడు కంపెనీల కొటేషన్లు, ఇంకా ఒక్క ప్రయోగం మొదలుపెట్టకుండానే మూడో ఏడాది చివర్లో ఏం కనిపెడతానో కూడా రాసిచ్చాను. ఆ జాతకానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆగిందల్లా తమరి మీద పడాల్సిన గుండ్రటి సీలు దగ్గర.

నిన్న మధ్యాహ్నమంతా రిజిస్ట్రార్ గారి ఆఫీసులో "సార్ మీటింగ్‌లో ఉన్నారు మేడం". మీటింగ్ అయ్యాక లంచ్, లంచ్ అయ్యాక సార్ హైదరాబాద్ బయల్దేరారు, ఇక ఇన్‌చార్జ్ ఎవరో తేలదు. సూపరింటెండెంట్ గారేమో మా హెచ్ఓడీ (శాఖాధిపతి) ఫార్వర్డింగ్ లేదన్నారు. ఉంది, రెండో పేజీలో ఉంది, పేజీ తిప్పాలంతే. చివరికి ఎలాగో సంతకం అయితే సీలు బీరువాలో ఉంది, తాళంచెవి తీసుకుని ఆ సెక్షన్ ఆయన బ్యాంకుకి వెళ్లారు. ఐదింటికి పోర్టల్ క్లోజ్. ఐదు దాటాక సీలు పడింది, అదీ సరిగ్గా సంతకం మీద, ఎవరు చేశారో తెలియకుండా.

పరిశోధనకి గ్రాంట్లిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ 2008 చట్టంతో వచ్చింది, 2023 చట్టంతో ఏఎన్ఆర్ఎఫ్ అనే కొత్త సంస్థలో కలిసిపోయింది. ఐదేళ్లలో 50,000 కోట్లన్నారు, అందులో 36,000 కోట్లు సర్కారు బయటి నుంచే రావాలట, సరే, రానివ్వండి. ఎవరిచ్చినా అందులో ఒక్క రూపాయి మా డిపార్ట్‌మెంట్ గుమ్మం తొక్కాలంటే ముందు ఆ బీరువా తెరుచుకోవాలి.

ఇంతకీ తమరిలో ఏముందో ఎవరైనా చదివారా? నేను చదివాను, ఆ వరండాలో వేరే పనేముంది. పరిశోధనకు కావాల్సిన కనీస సదుపాయాలన్నీ సంస్థే సమకూరుస్తుందట! మా ల్యాబ్ కుళాయిలో నీళ్లు పొద్దున తొమ్మిదింటి దాకానే, తర్వాత క్యాన్లు నా జేబులోంచి. యూపీఎస్ బ్యాటరీలు చచ్చి ఏడాది దాటింది, పెట్టిన ఇండెంట్ ఏ టేబుల్ మీద ఉందో దేవుడికెరుక. కరెంటు పోతే నా స్కాలర్ శాంపిల్స్ కాపాడుకోవడానికి ఐస్ కోసం చేపల మార్కెట్‌కి పరుగెత్తుతుంది, ఆ పిల్లని చూడగానే అక్కడి వాళ్లు అడక్కుండానే ఐస్ కొడతారు, ఆ మాత్రం సాయం కూడా క్యాంపస్‌లో దొరకదు. ఇదీ నువ్వు హామీ ఇచ్చే సదుపాయం. ఇస్తామని రాసినవాడికీ తెలుసు, సంతకం పెట్టినవాడికీ తెలుసు, అయినా పెడతారు, ఎందుకంటే గ్రాంటు వస్తే ఓవర్‌హెడ్ పేరుతో సంస్థకి వచ్చే వాటా మాత్రం నిజం. ఆ డబ్బుతో ఒక్క బ్యాటరీ కొన్నారా? కొత్త సోఫాలు మాత్రం కనిపించాయి, నిన్న మధ్యాహ్నం కూర్చున్నాను కదా.

దరఖాస్తులకి మళ్లీ కాల్ పడుతుంది, నేను మళ్లీ వస్తాను, నా స్కాలర్ ఫెలోషిప్ అయిపోవస్తోంది కాబట్టి రాక తప్పదు. ఈసారి మాత్రం నీకు నాలుగు జిరాక్సులు తీయిస్తా. ఒకటి పోర్టల్‌కి, ఒకటి ఆఫీసు కాపీ, ఒకటి ఫైల్లోకి, నాలుగోది రిజిస్ట్రార్ గారి సీలుతో సహా మా ల్యాబ్ కుళాయికి అంటిస్తా.

ఇట్లు,
ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ (కాబోయి ఆగినది)