ఆకే కదా, ఎంత తాగితే ఏం?

సేజ్ అనే కషాయపు మొక్క మీద వృక్షశాస్త్రజ్ఞులూ ఔషధ నిపుణులూ ఒక్కటై సాగిస్తున్న వేధింపు శ్రుతి మించింది. కషాయప్రియుల తరఫున ఎవరో ఒకరు గొంతెత్తక తప్పదు. ఆ నిపుణులడిగేది వినండి: ఆకును తూచాలట! గుప్పెడు, చిటికెడు, "మీ ఇష్టం" అనే మూడు కొలతలతో యుగాలుగా నెట్టుకొచ్చినవాళ్ల చేతికి త్రాసు ఇస్తారట.

చరిత్ర మన పక్షానే ఉంది. మధ్యయుగ ఐరోపాలో, ఇటలీలోని సలెర్నో వైద్యుల పేరిట చెలామణీ అయిన లాటిన్ పద్యం ఒకటి "పెరట్లో సేజ్ పెరుగుతుండగా మనిషి ఎందుకు చావాలి?" అని నిలదీస్తుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతకు ఇంతకంటే గట్టి జవాబు దొరకదు. ఆ వెంటనే వచ్చే పాదంలో "మృత్యువు బలానికి ఏ తోటలోనూ మందు లేదు" అని ఉన్నమాట నిజమే. ఆ పాదాన్ని వదిలేయడమే సంప్రదాయం కాబట్టి మనమూ వదిలేద్దాం.

వృక్షశాస్త్రజ్ఞుల మొదటి మెలిక: "ఏ సేజ్?" తులసి కుటుంబంలోని సాల్వియా ప్రజాతిలో సుమారు వెయ్యి జాతులున్నాయి. నలుపలకల కాండం, ఎదురెదురు ఆకులు, రెండు పెదవుల పువ్వు అన్నిటికీ ఉంటాయి. గుణాలు మాత్రం దేనివి దానివే. వంటకూ మందుకూ వాడేది సాల్వియా అఫిసినాలిస్. సన్నని నూగు వల్ల దాని ఆకు బూడిదరంగులో కనిపిస్తుంది. సేజ్ టీ పేరిట అమ్మే పొట్లాల్లో గ్రీకు సేజ్ కూడా ఉంటుంది. దాని ఆకు మొదట్లో తరచూ చెవుల్లాంటి చిన్న తమ్మెలు కనిపిస్తాయి, థుజోన్ (తైలంలో ఉండే, మోతాదు మించితే విషమయ్యే పదార్థం) సాధారణంగా తక్కువ. చైనా వైద్యులు డాన్‌షెన్ అనే జాతి వేరును వాడతారు. అది రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తెచ్చిపెట్టగలదు. మెక్సికోలోని మాజటెక్ ప్రజలు క్రతువుల్లో వాడే జాతి మనిషికి భ్రమలు కలిగిస్తుంది. ఇన్నిటికీ "సేజ్" అనే ఒక్క పేరు చాలని మన వాదన. పేర్లు స్థిరంగా ఉంచడం వాళ్లకు మాత్రం చేతనైందా? రోజ్‌మేరీని కూడా 2017లో సాల్వియాలో కలిపేశారు. సేజ్‌బ్రష్ అనే పొద పేరులో సేజ్ ఉన్నా అది సేజ్ కాదు, మాచిపత్రి బంధువు.

తూచే అలవాటు లేనివాళ్లకు ఆదర్శం తేనెటీగ అనుకుంటే అక్కడా భంగపాటే. సాల్వియా పువ్వులో పనిచేసే కేసరాలు రెండే. చాలా జాతుల్లో ఒక్కో కేసరం ఏతంలాంటి మీట: పై కొన పుప్పొడి పట్టుకుని పై పెదవి చాటున దాక్కుంటుంది, కింది కొన తేనె దారికి అడ్డంగా నిలుస్తుంది. ఈగ తల దూర్చి కింది కొనను నెట్టగానే పై కొన వంగి దాని వీపు మీద పుప్పొడి అద్దుతుంది. కాస్త ముదిరిన పువ్వులో కీలాగ్రం వంగి, సరిగ్గా అదే చోటు నుంచి ఆ పుప్పొడిని అందుకుంటుంది. తన అవసరానికి ఇంత లెక్క పాటించే మొక్క మన దగ్గర మాత్రం "ఎంతైనా పర్వాలేదు" అంటుందని మన ప్రగాఢ విశ్వాసం.

ఇక మోతాదు. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ సంప్రదాయ వినియోగాన్ని బట్టి మాత్రమే సేజ్ ఆకును స్వల్ప అజీర్తికి, అతిచెమటకు, నోటి, గొంతు మంటకు, చర్మం మీది చిన్న మంటలకు అంగీకరించింది. అజీర్తికి 150 మిల్లీలీటర్ల మరిగిన నీటిలో 1 నుంచి 2 గ్రాముల ఎండుటాకు, రోజుకు మూడుసార్లు. రెండు వారాలకూ తగ్గకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. పుక్కిలించడానికి 100 మిల్లీలీటర్లకు 2.5 గ్రాములు, గడువు వారం. పుక్కిలించేది చిక్కగా ఉన్నది ఉమ్మేయడానికే గనక. మనవాళ్లు అదే గ్లాసును పొదుపు కొద్దీ మింగేస్తారు.

ఇంత చాదస్తం దేనికంటే, థుజోన్ కోసమట. నాడులను అదుపులో ఉంచే గాబా వ్యవస్థను అది అడ్డుకుంటుంది. మోతాదు మించితే ఫిట్స్ వస్తాయి. అందుకే రోజుకు 6 మిల్లీగ్రాములు దాటొద్దన్నారు. థుజోన్ నీటిలో అంతగా దిగదు గనక పల్చని కషాయం కొంత మన్నిస్తుంది. ఆల్కహాల్లో నానబెడితే బాగా దిగుతుంది. సేజ్ తైలం సంగతి సరేసరి: డాల్మేషియన్ సేజ్ (అంటే మన అఫిసినాలిసే) తైలంలో ఆల్ఫా థుజోన్ ఒక్కటే 18 నుంచి 43 శాతం ఉండవచ్చు. చుక్క 25 మిల్లీగ్రాములు తూగుతుందనుకుంటే, అందులో నాలుగున్నర నుంచి దాదాపు 11 మిల్లీగ్రాములు అదే. అంటే రోజు కోటా ఒక్క చుక్కతో ముగిసిపోవచ్చు. "గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కలు" అని సలహా ఇచ్చే మహానుభావులకు లెక్కలు రావని కాదు, లెక్కలంటే గిట్టదంతే. మూర్ఛ ఉన్నవాళ్లు ఆ సీసా జోలికే పోకూడదు.

తయారీలో మాత్రం మనవాళ్లు తెలియకుండానే ప్రాణరక్షకులు. ఆకును ఎర్రటి ఎండలో పరుస్తారు. తైలం ఉండేది ఆకు పైని సూక్ష్మ గ్రంథుల్లో కాబట్టి అది గాలిలో కలిసిపోతుంది. నీడలో, గాలాడేచోట, 40 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టాలన్నది అందుకే. ఆపైన మూత పెట్టకుండా పావుగంట కుతకుతా ఉడికిస్తారు; వాసన ఇల్లంతా నిండుతుంది, గ్లాసులో చేదూ వగరూ మిగులుతాయి. చేదుగా ఉంది కాబట్టి పనిచేస్తోందని తృప్తి.

గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ వద్దని కూడా ఆ ఏజెన్సీ అంటోంది. నిద్రమాత్రలతో కలిసినా, బండి నడపబోయే ముందైనా జాగ్రత్త అంటోంది. పాల విషయంలో సాక్ష్యం సంప్రదాయం నుంచే దొరుకుతుంది: బిడ్డ చేత పాలు మాన్పించేటప్పుడు తల్లి పాలు తగ్గడానికి సేజ్ కషాయం ఇచ్చేవారు. ఆ సంప్రదాయాన్ని కళ్లకద్దుకుంటూనే బాలింతకు "బలానికి" అదే కషాయం పట్టించే వైద్యశిఖామణులున్నారు. రెండు చేతులా సంప్రదాయాన్ని కాపాడటమంటే ఇదే కాబోలు.

ఆకు సంగతి వదిలేసి గింజల్లోకి పారిపోదామన్నా కుదరదు. చియా కూడా సాల్వియానే; పుట్టిల్లు మెక్సికో, గ్వాటెమాలా, వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టిన పేరులో (సాల్వియా హిస్పానికా) మాత్రం స్పెయిన్. ఆ గింజ తన బరువుకు పదింతలకు పైగా నీరు పీల్చి జిగురు కడుతుంది. మింగడంలో ముందునుంచీ ఇబ్బంది ఉన్న ఒకాయన టేబుల్ స్పూను పొడి గింజలు నోట్లో వేసుకుని మీద గ్లాసుడు నీళ్లు తాగితే, అవి అన్నవాహికలోనే ఉబ్బి దారి మూసేశాయని 2014లో అమెరికా వైద్యులు వెల్లడించారు. ఎండోస్కోప్ పెట్టి ఆ అడ్డును కడుపులోకి నెట్టాల్సి వచ్చింది. గింజలను ముందే నీటిలో కలిపి, పూర్తిగా ఉబ్బాక తినమని వాళ్ల సలహా. గ్లాసులో ఉబ్బనివ్వాలా, గొంతులోనా అన్నది మాత్రం వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన విషయమని మనవాళ్లు పట్టుబడుతున్నారు.