ఉచిత సాధికారత: స్టాకు ఉన్నంతవరకు

మా మేనకోడలు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. మార్చి మొదటి వారంలో ఆ పిల్ల ఫోనుకు ఒక ఆహ్వానం వచ్చింది. దాన్ని నాకు పంపింది. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. నగరంలోని ఒక పెద్ద మాల్ వారు మహిళా దినోత్సవం సందర్భంగా యువతుల కోసం ‘స్టైల్, మ్యూజిక్, సాధికారత’ అనే మూడు గంటల కార్యక్రమాన్ని తలపెట్టారు. ఉదయం 11 గంటలకు స్టైల్, 12 గంటలకు మ్యూజిక్, ఒంటి గంటకు సాధికారత. మధ్యాహ్నం 2 గంటలకల్లా సాధికారత పూర్తవుతుందనీ, ఆపైన ఫుడ్ కోర్టులో పది శాతం తగ్గింపు ఉంటుందనీ స్పష్టంగా రాశారు. ప్రవేశం ఉచితం. గులాబీ రంగు దుస్తులు తప్పనిసరి. 2,999 రూపాయలకు పైబడి కొన్నవారికి ‘సాధికారత కిట్’ ఉచితం. అన్నిటికన్నా అడుగున, చీమ తలకాయంత అక్షరాలలో, ‘స్టాకు ఉన్నంతవరకు మాత్రమే’ అని ఉంది.

ఆ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరులో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరంతా వెలివేస్తుందేమోనని ఆలోచించి ఉంటారు గానీ, సరుకు ఎంతమందికి సరిపోతుందో గోదాము తలుపు తీసి చూసుకున్నట్టు ఎక్కడా కనబడదు. ఆ దూరదృష్టి మన మాల్ యాజమాన్యాలకు ఉన్నందుకు సంతోషించాలి. ఆలస్యంగా వెళ్ళిన అమ్మాయి సాధికారత లేకుండానే ఇంటికి తిరిగి రావలసి ఉంటుంది కనుక, ఆదివారమైనా పెందలాడే తలంటుకొని బయలుదేరడం మేలు.

“అత్తా, నువ్వూ రారాదూ” అంది మా పిల్ల.

“నాకు యాభై నాలుగేళ్ళు వచ్చాయే, నన్ను లోపలికి రానిస్తారా?”

“నువ్వు కొంటావుగా, రానిస్తారు.”

ఆ విధంగా నేను కూడా యువతినై, పెట్టె అడుగునున్న గులాబీ రంగు వెంకటగిరి చీర కట్టుకొని వెళ్ళాను.

మాల్ నడిమధ్యన, ఎస్కలేటర్ల కింద, గులాబీ రంగు బెలూన్లతో తోరణం కట్టి వేదిక వేశారు. దీపం వెలిగించడానికి ఆరుగురిని పిలిచారు. అయిదుగురు పురుషులు, ఒక స్త్రీ. ఆ స్త్రీ కొవ్వొత్తి పట్టుకొని వరసగా అయిదుగురికీ అందించింది. ఆరో వత్తి గాలికి ఆరిపోతే దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు. వ్యాఖ్యాత కూడా పురుషుడే. ఇరవై ఆరేళ్ళుంటాయేమో, గులాబీ రంగు కోటు వేసుకొని, మైకు నోట్లో పెట్టుకున్నంత దగ్గరగా పట్టుకొని “అమ్మాయిలూ, ఎనర్జీ చాల్లేదు!” అని పదేపదే గద్దించాడు. మార్చి 8 విశిష్టతను ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశాడు: అమ్మనూ, అక్కనూ, చెల్లినీ ప్రేమించే రోజట. 1917లో ఇదే రోజున రష్యాలోని పెట్రోగ్రాడ్ నూలు మిల్లుల ఆడవాళ్ళు రొట్టె కావాలని పని మానేసి వీధుల్లోకి వచ్చారనీ, వారం తిరిగేసరికి జారు చక్రవర్తి గద్దె దిగవలసి వచ్చిందనీ ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆనాడు ఆ మిల్లుల గుమ్మంలో ఎవరైనా మనిషికో గులాబీ, మొదటి వందమందికి ఫేస్‌వాష్ ప్యాకెట్టు పంచి ఉంటే పాపం ఆ జారు వంశం నేటికీ చల్లగా ఏలుకుంటూ ఉండేది.

ఇక స్టైల్ గంట. ఈ ఘట్టం గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. ‘ఆత్మవిశ్వాసపు నడక’ నేర్పడానికి ఒక నిపుణురాలిని రప్పించారు. ఆత్మవిశ్వాసం మనిషి మనసులో ఉంటుందని ఇంతకాలం మనం భ్రమపడ్డామనీ, అది నిజానికి రెండు భుజపు ఎముకల మధ్య, మెడకు జానెడు కింద ఉంటుందనీ ఆమె వేలుపెట్టి చూపించింది. గడ్డం నేలకు సమాంతరంగా ఉండాలి, మూడంగుళాల మడమలు ఉండాలి, చూపు ఎదుటివాడి నుదుటి మీద ఉండాలి. నలభై మంది అమ్మాయిలను వరసలో నిలబెట్టి, ఎదురుగా మీ బాస్ వస్తున్నాడని ఊహించుకొని నడవండి అన్నది. నలభై మందీ లేని బాస్ మీదికి నడిచి వెళ్ళారు. ఒక అమ్మాయి చెప్పు మడమ కార్పెట్టు అంచులో ఇరుక్కుపోయి, చెప్పు అక్కడే ఉండిపోయి, మనిషి మాత్రం ముందుకు వెళ్ళింది. నిపుణురాలు చప్పట్లు కొట్టి, పడబోయి నిలదొక్కుకోవడమే అసలైన సాధికారత అని ప్రకటించింది. వెంటనే వ్యాఖ్యాత ఆ అమ్మాయికి ఒక లిప్‌స్టిక్ బహూకరించాడు. అది చూసిన తర్వాత ఇంకో ముగ్గురు పడబోయారు.

అలంకారం మీద నాకు కోపం లేదని మనవి చేసుకుంటున్నాను. చీరకు నప్పే గాజుల కోసం ఆ ఉదయం మూడు జతలు మార్చినదాన్ని, ఇంకొకరి లిప్‌స్టిక్‌ను వెక్కిరించే అర్హత నాకు లేదు. ఎర్రగా పూసుకున్న పెదవి అందంగా ఉంటుంది, అంతవరకు చాలు. దాన్ని ‘ఆయుధం’ అన్నప్పుడే నాకు అనుమానం వస్తుంది, ఎందుకంటే ఈ కిటుకు పాతది. 1929లో ఈస్టర్ ఆదివారం నాడు న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో కొందరు సొగసైన అమ్మాయిలు అందరూ చూస్తుండగా సిగరెట్లు వెలిగించారు. అవి సిగరెట్లు కావు, స్వేచ్ఛాజ్యోతులు అని ప్రచారం చేశారు. ఆ వేడుక వెనకనున్న ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్‌కు డబ్బిచ్చింది అమెరికన్ టొబాకో కంపెనీ. ఆడవాళ్ళకు స్వేచ్ఛ వచ్చిందో లేదో గానీ దగ్గు మాత్రం వచ్చింది.

అన్నట్టు, ఆ వేళ తగ్గింపు ధరకు పెట్టిన కుర్తీ ఒకటి మా పిల్ల కొన్నది. రొమ్ము మీద ‘నా దారి నేనే’ అని జరీతో కుట్టి ఉంది. పక్కన జేబు ఉన్నట్టు చక్కగా అంచు, దానికో గుండీ కూడా ఉన్నాయి. ఇంటికొచ్చి చెయ్యి పెట్టబోతే లోపల జేబు లేదు, ఉత్తి కుట్టు. సాధికారత సాధించిన స్త్రీ తన దారిన తాను పోవచ్చు, కాకపోతే ఫోనూ, తాళంచెవులూ, బస్సు చార్జీ చేత్తో పట్టుకొని పోవాలి.

మ్యూజిక్ గంట గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే చెవులు ఇంకా పూర్తిగా కోలుకోలేదు. గంటసేపు డీజే వాయించిన పాటల్లో సగానికి పైగా నడుము కొలతకు సంబంధించినవే. మిగిలినవాటిలో నాయిక ఏదో ఒక తినుబండారం. అమ్మాయిలు మనసారా ఎగిరారు. వారమంతా కంప్యూటర్ ముందు నడుము వంచి కూర్చున్నవాళ్ళు ఒక గంట గంతులేస్తే అందులో తప్పు పట్టేది ఏముంది? నాకు నచ్చనిది వెనక తెర మీద ‘సంగీతంలో స్త్రీశక్తి’ అని మెరుస్తున్న అక్షరాలే. సంగీతంలో స్త్రీశక్తి ఏమిటో తెలుగు కీర్తన వినేవాళ్ళకు ఒకరు చూపించి పోయారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు తన సొమ్ములు ధారపోసి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మీద మందిరం కట్టించారు. 1925లో అక్కడ ప్రతిష్ఠ జరిగింది. తీరా ఆరాధన ఉత్సవం వచ్చేసరికి ఆడవాళ్ళు పాడకూడదన్నారు. గుడి కట్టడానికి పనికొచ్చిన ఆడది గుడిలో పాడటానికి పనికిరాలేదు. ఆమె ఊరుకోలేదు. ఆడవాళ్ళనే ఒక జట్టుగా కూడగట్టి అక్కడే, ఆ సమాధి దగ్గరే పాడించారు. నగల మోజూ, పాటా, పంతమూ మూడూ ఉన్న మనిషి. ఆమెకు ఎవరూ కిట్ ఇవ్వలేదు.

ఒంటి గంటకు మొదలు కావలసిన సాధికారత ఒంటి గంటా ముప్పై అయిదుకు మొదలైంది, ఎందుకంటే మధ్యలో స్పాన్సర్లు మాట్లాడారు. మిగిలిన ఇరవై అయిదు నిమిషాల్లో ప్రశ్నోత్తరాలు. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, గొంతు కొంచెం వణుకుతూ ఉండగా, తమ ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీలో ఎవరెవరున్నారో ఎవరికీ తెలియదనీ, అడిగితే నీకెందుకు, ఏమైనా జరిగిందా అని ఎదురు అడుగుతున్నారనీ, ఎలా తెలుసుకోవాలనీ అడిగింది. పదిమంది పనిచేసే చోట కమిటీ ఉండి తీరాలనీ, దాన్ని నియమించిన ఉత్తర్వును అందరికీ కనబడేలా గోడకు అంటించాలనీ 2013 నాటి చట్టం చెబుతున్నది. ఆ రెండు ముక్కలు చెప్పడానికి అర నిమిషం చాలు. వ్యాఖ్యాత “వావ్, ఎంత ధైర్యమైన ప్రశ్న! ఈమెకు ఒక హ్యాంపర్!” అన్నాడు. డీజే డప్పు మోగించాడు. ఆ అమ్మాయి చేతిలో ఒక బుట్ట పెట్టి, ఫొటో తీసి, కూర్చోబెట్టారు. జవాబు మాత్రం బుట్టలో లేదు.

మా కిట్ కూడా విప్పి చూశాం. సన్‌స్క్రీన్ ప్యాకెట్టు, అవాంఛిత రోమాలు తీయించుకోవడానికి కూపను, ఒక దువ్వెన, వంటగది సామాను మీద పదిహేను శాతం తగ్గింపు.

ఇంతవరకు నవ్వుతూనే రాశాను. ఇక్కడినుంచి నాకు నవ్వు రావడం లేదు.

కిట్ కోసం 2,999 దాటాలి కనుక కింద అంతస్తులో చీరల దుకాణానికి వెళ్ళాం. కౌంటర్ వెనక ఇరవై ఏళ్ళ పిల్ల, యూనిఫాం చీర, భుజం మీద కుచ్చిళ్ళు జారకుండా మూడు పిన్నులు, జడలో ఆ రోజు యాజమాన్యం పంచిన గులాబీ. చీరలు విప్పి పరుస్తూ మధ్యమధ్య ఒక పాదం చెప్పులోంచి తీసి రెండో పిక్కకు ఆనించి, కాసేపటికి కాలు మార్చుకుంటున్నది. మడమ దగ్గర చర్మం పగిలి ఉంది. పక్కనే పట్టుచీర కట్టిన బొమ్మ ఉంది. ఆ బొమ్మకు వెనకనుంచి ఇనప కడ్డీ ఊతం పెట్టారు.

“కాసేపు కూర్చోరాదామ్మా, ఎవరూ లేరుగా” అన్నాను.

“కూర్చుంటే కెమెరాలో పడతాం మేడమ్. కుర్చీలు కస్టమర్లకే.”

“పొద్దున ఎన్నింటికొచ్చావు?”

“పదింటికి. రాత్రి తొమ్మిదయితది.”

పదకొండు గంటలు. ఆమె తల మీద, రెండంతస్తుల పైన, ఆ ఉదయమే నలభై మంది ఆత్మవిశ్వాసంతో నిలబడటం నేర్చుకున్నారు. నిలబడటంలో ఆమెకు ఎవరు పాఠం చెప్పగలరు?

దుకాణంలో పనిచేసే ఆడవాళ్ళకు ముగ్గురికి ఒక ఆసనం చొప్పున వేసి తీరాలని ఇంగ్లండులో 1899లోనే చట్టం చేశారు. అప్పటికి విక్టోరియా రాణి బతికే ఉంది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసుకుంది, కానీ చీరల దుకాణం ఫ్యాక్టరీ కాదు గదా! కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి దుకాణాల ఆడవాళ్ళు ‘పెణ్‌కూట్టు’ అనే సంఘంగా కూడారు. మొదట వాళ్ళు అడిగింది మరుగుదొడ్డి. తర్వాత అడిగింది కూర్చునే హక్కు. ఏళ్ళ తరబడి అడగగా 2018లో ఆ రాష్ట్రం చట్టాన్ని సవరించింది, 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది. ఒక స్టూలు కోసం శాసనసభలు కూడవలసి వచ్చిన దేశం మనది! స్టూలు ఖరీదెంత? ఆ బెలూన్ల తోరణానికి అయిన ఖర్చుతో ఆ మాల్‌లోని ప్రతి కౌంటర్ వెనకా ఒకటి వేయొచ్చు. వేయరు. ఆడపిల్ల కూర్చుంటే కస్టమర్‌కు గౌరవం తగ్గుతుందట. కాళ్ళు వాచి, నరాలు ఉబ్బి, నెలసరి నొప్పిని పళ్ళ బిగువున అదిమిపెట్టి, నీళ్ళు తాగితే బాత్రూముకు వెళ్ళాలి గనుక నీళ్ళు కూడా మానేసి ఆ పిల్ల నవ్వుతూ నిలబడితే తప్ప నిలవని ఆ గౌరవం ఏపాటిది? ఆమె జడలో గులాబీ గుచ్చడానికి సిగ్గు లేదా?

ఆ మాట నేను గట్టిగానే అన్నట్టున్నాను, ఫ్లోర్ సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు. నాకు నీరసంగా ఉంది, కుర్చీ కావాలన్నాను. అర నిమిషంలో మెత్తటి కుర్చీ, గ్లాసుతో చల్లటి నీళ్ళు వచ్చాయి. అతను అటు తిరగగానే కుర్చీని కౌంటర్ వెనక్కి జరిపి, ఆ పిల్లను భుజం పట్టి కూర్చోబెట్టి, గ్లాసు చేతికిచ్చాను. మా మేనకోడలు కెమెరాకు అడ్డంగా ఒక ఆరుగజాల చీర విప్పి, అంచు చూస్తున్నట్టు రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. రెండు నిమిషాలు అయ్యాయేమో, అడుగుల చప్పుడు వినబడగానే, ఎవరూ ఏమీ అనకముందే తుళ్ళిపడి లేచి నిలబడింది.

సూపర్‌వైజర్ ఆమె వంక చూడలేదు. నా వంక చూసి, ఎంతో మర్యాదగా, “మేడమ్, మీకు కుర్చీతో పనైపోయిందాండీ?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా దాన్ని ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. పైన సాధికారత ముగింపు సభలో ముఖ్య అతిథిగారికి ఒక కుర్చీ తక్కువైందట.