యజమానికి ప్రవేశం లేదు

విండోస్ కంప్యూటర్‌లో మన పేరిట ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో డాక్యుమెంట్లు, డౌన్‌లోడ్లు, ఫొటోలు, అన్నీ కళ్లెదుటే. వాటి పక్కనే, ప్రోగ్రాములు తమ సెట్టింగులూ డేటా దాచుకునే యాప్‌డేటా అని ఇంకొకటి ఉంది. సీ డ్రైవ్‌లో గిగాబైట్లకు గిగాబైట్లు మింగేది చాలాసార్లు అదే, కానీ కనబడదు. ఎందుకు కనబడదని కొందరు అమాయకులు సణుగుతుంటారు. వాళ్ల కోసమే ఈ వివరణ.

దాన్ని దాచింది దొంగల నుంచి కాదు. మీ ఖాతాలో నడిచే ప్రోగ్రాములు, పాస్‌వర్డులూ కుకీలూ (వెబ్‌సైట్లు మనల్ని గుర్తుపట్టే ఫైళ్లు) ఎత్తుకుపోవడానికి వచ్చిన మాల్‌వేర్‌తో సహా, దారి అడక్కుండా నేరుగా అక్కడికే వెళ్తాయి. చూడకూడనిది ఒక్కరే, డబ్బు పోసి కంప్యూటర్ కొన్నవారు. ఇందులో అన్యాయమేముంది? యజమాని అన్నాక చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి డిలీట్ కొట్టేస్తాడు. దొంగ అలాంటివాడు కాడు. కావలసింది కాపీ చేసుకుని, ఎక్కడివక్కడ ఉంచి, మర్యాదగా వెళ్లిపోతాడు.

అయినా చూసి తీరాలనుకునే మొండివారికి ఒక దారి వదిలారు. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, అందులో షో, అందులో హిడెన్ ఐటమ్స్ అని టిక్ పెడితే చాలు, ఇంతటి రహస్యమూ బట్టబయలు. లేదా విండోస్ మీటతో ఆర్ నొక్కి, ముందొక పర్సెంట్ గుర్తు, వెనకొక పర్సెంట్ గుర్తు పెట్టి యాప్‌డేటా అని ఇంగ్లీషులో కొట్టాలి. అలా కొడితే తెరుచుకునేది యాప్‌డేటా కాదు, దాని లోపలున్న రోమింగ్. అసలైనది కావాలంటే ఒక మెట్టు వెనక్కి రావాలి. అడిగింది అడిగినట్టు ఇస్తే మనిషికి విలువ తెలియదు కదా.

లోపల మూడు వాటాలు: లోకల్, లోకల్‌లో (ఇది విభక్తి కాదండీ, పేరే అంత), రోమింగ్. ఆఫీసు నెట్‌వర్కులో తగిన ఏర్పాటు ఉంటే, మీరు ఏ సీట్లో కూర్చుని లాగిన్ అయినా మీ సెట్టింగులు వెంట వచ్చేందుకు రోమింగ్. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌లో అది ఎక్కడికీ వెళ్లదు. ఏది ఎక్కడ పెట్టాలన్నది ప్రోగ్రాముల చిత్తం. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ప్రొఫైల్ (మీ బుక్‌మార్కులు, సెట్టింగులు) రోమింగ్‌లో, దాని క్యాష్, అంటే తాత్కాలిక నిల్వ, మాత్రం లోకల్ వాటాలో. క్రోమ్ ప్రొఫైల్ లోకల్ వాటాలోనే. పిల్లలు నెలల తరబడి మైన్‌క్రాఫ్ట్ జావా గేమ్‌లో కట్టుకున్న కోటలు మళ్లీ రోమింగ్‌లో. ఫార్మాట్ చేయించే ముందు డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ‘అంతా బ్యాకప్ తీశా’ అని నిశ్చింతగా ఉండే నాన్నలకు ఈ కోటల సంగతి ఆ సాయంత్రం తెలుస్తుంది, పిల్లల ఏడుపు ద్వారా.

అన్‌ఇన్‌స్టాల్ అనేది ఇంకో ముచ్చట. ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల పేర్లతో ఫోల్డర్లు అక్కడ ఇంకా ఉంటాయి, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్తూ విరిగిన మంచం వదిలేసి ‘మళ్లీ వస్తాం, ఉంచండి’ అన్నట్టు. ఒకవేళ మళ్లీ వస్తే పాత సెట్టింగులు సిద్ధంగా ఉండాలన్న ముందుచూపు అది. రాకపోతే ఏమిటన్నది వాళ్ల సమస్య కాదు. అలాంటి ఫోల్డర్‌ను తీసేయబోయే ముందు పేరు మార్చి కొన్నాళ్లు చూడటం మంచిది. తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్ అయితే అంత ఆలోచన అక్కర్లేదు. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసి ఖాళీ చేయొచ్చు, వాడకంలో ఉన్న ఫైళ్లు ఎలాగూ కదలమని మొరాయిస్తాయి. మొత్తం యాప్‌డేటాకే డిలీట్ కొట్టేవారికి మాత్రం ఈ వ్యాసం ఏ విధంగానూ బాధ్యత వహించదు.

ఈ దాపరికం ఒక్క విండోస్ సొత్తు కాదు. మ్యాక్‌లో యూజర్ లైబ్రరీ 2011 దాకా అందరికీ కనిపించేది. ఆ ఏడు లయన్ అనే కొత్త వెర్షన్ వచ్చి దానికి పరదా కట్టింది. ఇప్పుడు గో మెనూ తెరిచి ఆప్షన్ మీట నొక్కి పట్టుకుంటే దర్శనమిస్తుంది. లైనక్స్‌లో పేరు ముందు చుక్క పెడితే మాయం. ఈ చుక్క సంప్రదాయం ఎలా పుట్టిందో లైనక్స్‌కు మూలమైన యూనిక్స్ పెద్దల్లో ఒకరైన రాబ్ పైక్ చెప్పారు. ఫైళ్ల జాబితా చూపించే కమాండ్‌లో ఒక చుక్క (ఉన్న ఫోల్డర్), రెండు చుక్కలు (పై ఫోల్డర్) అనే రెండు ఎంట్రీలను మాత్రమే దాటేయాలనుకుని, అప్పట్లో ఆయన తోటివారెవరో బద్ధకించి, మొదటి అక్షరం చుక్క అయితే చాలు దాటేయమని రాశారట. ఆ పొరపాటు నీడలో నేడు ప్రపంచమంతటా సెట్టింగులు కాపురం చేస్తున్నాయి. సంప్రదాయాలు ఇలాగే పుడతాయి, వాటిని ప్రశ్నించకూడదు.

ఇక కంపెనీలవారికి ఒకే ఒక్క విన్నపం. దిస్ పీసీ తెరవగానే సీ డ్రైవ్ కింద, చోటు నిండిపోవచ్చిందని చెప్పే ఆ ఎర్ర గీత ఇంకా కనబడుతూనే ఉంది. దాన్ని కూడా దాచేస్తే యజమానికి ఆ ఒక్క దిగులూ తీరిపోతుంది.