అద్దె సైకిలు పోయిన చోట గట్టి సైకిలూ దొరకదు

శ్రీకాకుళం నడిబొడ్డు నుంచి అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయం రెండు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీల్‌కు 18 పళ్ళు ఉన్న పాత రకం సైకిలు మీద పెడలు ఒక చుట్టు తిరిగితే బండి ఐదు మీటర్లు దాటి ముందుకు పోతుంది. ఆ లెక్కన గుడి దాకా నాలుగు వందల చుట్లు కూడా అక్కర్లేదు. నాగావళి ఒడ్డున పరుచుకున్న ఈ ఊళ్ళో ఎత్తుపల్లాలు తక్కువ. సైకిలుకు ఇంతకన్నా అనువైన నేల ఎక్కడ దొరుకుతుంది? అయినా ఆదివారం ఉదయం దర్శనానికి వచ్చి ఆర్టీసీ కాంప్లెక్సులో దిగిన మనిషి గంట అద్దెకు సైకిలు కావాలంటే వెతుక్కోవలసిందే.

సైకిళ్ళు అద్దెకిచ్చే పని, బాగుచేసే పని, అమ్మే పని ఒకప్పుడు ఒకే కొట్టులో జరిగేవి. వీటిలో అద్దె ముందుగా పోయింది. లాభం లేని పని తనంతట తానే పోయిందని చాలామంది సరిపెట్టుకున్నారు. నా అభిప్రాయం వేరు. అద్దె పోవడంతో మిగిలిన రెండు పనులూ బలహీనపడ్డాయి, ఆ నష్టం చివరికి కొనేవాడి మీద పడింది.

ఇది నాకు తెలిసొచ్చింది మా అమ్మాయి సైకిలు వల్ల. ఇరవై ఒక్క గేర్లు, ముందు స్ప్రింగుల ఫోర్కు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు చూసి ముచ్చటపడి ఆన్‌లైనులో తెప్పించాను. ఆరు నెలలు తిరగకముందే వెనుక చక్రం వంకర పోయింది, గేరు మార్చే యంత్రం వంగి చైను స్పోకుల్లో ఇరుక్కుంది. పాత బజారులోని ఒక కొట్టుకు తీసుకెళ్తే, అరవై దాటిన మెకానిక్ చక్రం విప్పి ఫోర్కుల మధ్య నిలిపి, రిమ్ము పక్కన సుద్దముక్క ఆనించి మెల్లగా తిప్పాడు. ఎక్కడ సుద్ద అంటిందో అక్కడి స్పోకుల్ని చిన్న తాళంతో పావు చుట్టు చొప్పున ఒకవైపు బిగిస్తూ, ఎదురువైపు వదులు చేస్తూ వచ్చాడు. పది నిమిషాల్లో చక్రం నిటారుగా తిరిగింది. తర్వాత గేరు వైపు చూసి, "ఇది మాత్రం నా వల్ల కాదు బాబూ, దీనికి సామాను ఇక్కడ దొరకదు, పెద్దూరు పోయి తేవాల" అన్నాడు. మొదట చిన్నబోయాను గానీ, గట్టి సైకిలంటే ఏమిటో ఆ మాటతోనే నాకు అర్థమైంది.

మనం గట్టితనాన్ని గొట్టం లావులో, టైరు వెడల్పులో చూస్తాం. పాత నల్ల సైకిలు గట్టిదనిపించుకోవడానికి ఇరవై కిలోల బరువు ఒక్కటే కారణం కాదు. బరువు ఎక్కువగా వెనుక చక్రం మీదే పడుతుంది కాబట్టి దానికి 40 స్పోకులు, ముందు చక్రానికి 32 స్పోకులు వేశారు. బియ్యం బస్తా క్యారేజీ మీద వేసినా తట్టుకునేది అందుకే. బ్రేకు కడ్డీ, పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే కాటరు పిన్ను, చక్రం నడిమి హబ్బులోని గోళీలు ఏ పల్లెలోనైనా దొరికేవి, ఏ మెకానిక్ చేతికైనా అలవాటైనవి. పాడైన రోజునే ఆ ఊళ్ళోనే బాగయ్యే సైకిలే గట్టిది.

సర్వీసు విషయానికి వస్తే, పంక్చరు, గాలి తప్ప మరో పని ఉందని కొత్తగా కొన్నవాళ్ళకు చెప్పేవారు లేరు. కొత్త చైనులో 24 లింకులు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. పిన్నులు అరిగేకొద్దీ ఆ పొడవు పెరుగుతుంది. అంగుళంలో పదహారో వంతు, అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగిందంటే చైను మార్చాలి. మార్చకపోతే ఆ చైను ఫ్రీవీల్ పళ్ళను కూడా తినేస్తుంది, చిన్న ఖర్చు పెద్దదవుతుంది. వర్షాకాలం పోగానే హబ్బులు విప్పి, కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పెట్టించే అలవాటు మా నాన్నగారి తరానికి ఉండేది. దాన్ని 'ఓవరాయిలింగ్' అనేవారు. ఆ పని ఇప్పుడు అడిగేవారు తగ్గారు కాబట్టి నేర్చుకునే కుర్రాళ్ళూ తగ్గారు.

అద్దె సైకిలుకు వీటితో సంబంధం ఏమిటంటే, అది కొట్టువాడికి రోజువారీ పరీక్ష. ఒకే సైకిలు వారంలో పాతికమంది చేతులు మారుతుంది. సైకిలు నేర్చుకునే పిల్లవాడు నడి కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ కాలువలో పడేస్తాడు, పాలవాడు క్యాన్లు వేలాడదీస్తాడు, కాలేజీ కుర్రాడు ముగ్గురిని ఎక్కిస్తాడు. ఏ రకం ఫోర్కు వంగుతుందో, ఏ రిమ్ము నిలుస్తుందో, ఏ సీటు స్ప్రింగు విరుగుతుందో కొట్టువాడు తన సొంత డబ్బుతో నేర్చుకుంటాడు. అలాంటివాడు "ఇది తీసుకోండి" అంటే ఆ మాటకు విలువ ఉంటుంది. అద్దె మానేసినవాడికి ఆ అనుభవం అందదు. కంపెనీ పంపిన స్టిక్కర్ల మెరుపు చూపించి అమ్ముతాడు. ఇందులో అతని తప్పు కూడా పెద్దగా లేదు. వాయిదాల మీద మోటారు బండి ఇంటింటికీ వచ్చింది, సైకిళ్ళు నిలిపే అరుగు రోడ్డు వెడల్పులో పోయింది, తీసుకెళ్ళినవాడు తిరిగి తెస్తాడన్న భరోసా తగ్గింది.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీదా, వాటి విడిభాగాల మీదా జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. సంతోషమే. కానీ మన సమస్య ధర దగ్గర లేదు. 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్ళు ఉచితంగానే ఇచ్చారు. ట్యూబు మార్చే చేయి ఊళ్ళో లేకపోతే ఉచితంగా వచ్చిన సైకిలు కూడా పంచలో గోడకు ఆనుకునే ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం దారుల నిండా కొబ్బరిచెట్లు, జీడిచెట్లు కూలి ఉన్నప్పుడు, చెట్టు దగ్గర దిగి భుజాన వేసుకుని అవతల మళ్ళీ ఎక్కగలిగిన బండి సైకిలొక్కటే. అలాంటి వాహనం జిల్లాలో సిద్ధంగా ఉండాలంటే దాన్ని నిలబెట్టే కొట్టు ఉండాలి.

నగరపాలక సంస్థ యాప్‌లతో, తాళాలు వాటంతటవే పడే సైకిళ్ళతో ఏ పెద్ద పథకమూ పెట్టనక్కర్లేదు. కాంప్లెక్సు దగ్గర పది అడుగుల నీడ, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషను దగ్గర మరో పది అడుగుల నీడ నామమాత్రపు అద్దెకు, ఇప్పటికే పని తెలిసిన సైకిలు కొట్ల వాళ్ళకే ఇవ్వాలి. షరతులు రెండు చాలు. అద్దెకిచ్చే ప్రతి సైకిలునూ అదే కొట్టులో బాగుచేయాలి, ఆ పని నేర్చుకునే కుర్రాడొకడు అక్కడ ఉండాలి. మొదటి ఇరవై సైకిళ్ళ పెట్టుబడికి బ్యాంకు అప్పు ఇప్పించే పూచీ నగరపాలక సంస్థ తీసుకుంటే, సుద్దముక్కతో చక్రం సరిచేసిన ఆ పెద్దాయన లాంటివాళ్ళు ఇంకా పని మానకముందే ఇది మొదలుపెట్టవచ్చు.