పేరు లేని వారెంట్

(వేదికపై ఒక దర్యాప్తు అధికారి, ఒక లాయరు. ప్రశ్న: నేరస్థుణ్ణి పట్టుకోవడానికి అందరి సమాచారమూ తిరగేయవచ్చా?)

అధికారి: కాలిఫోర్నియాలో 1970, 80లలో 13 హత్యలు, డజన్ల కొద్దీ అత్యాచారాలు చేసినవాడు 2018లో దొరికాడు మేడమ్. నేరస్థలంలో దొరికిన డీఎన్‌ఏని వంశవృక్షాల వెబ్‌సైట్లో పోల్చి చూస్తే దూరపు బంధువులు తేలారు. వాళ్ళను బట్టి వాడి దాకా వెళ్ళారు.

లాయరు: వాడు ఒకప్పటి పోలీసేనని కూడా చెప్పండి. (నవ్వులు) దొరకడం మంచిదే, కాదనను. కానీ ఆ బంధువులు డీఎన్‌ఏ ఇచ్చింది పూర్వీకులెవరో తెలుసుకుందామని. నేను ఎవరికీ ఇవ్వకపోయినా మా పిన్ని కొడుకు ఇస్తే నేనూ దొరికిపోతాను. నా తరఫున ఒప్పుకోవడానికి వాడెవడు?

అధికారి: తప్పు చేయనివాళ్ళకు భయమెందుకండీ?

లాయరు: ఫ్లోరిడాలో ఒకాయన సైకిల్ తొక్కే దారిలో ఓ ఇంట్లో దొంగతనం జరిగింది. ఆ సమయంలో అటుగా వెళ్ళిన ఫోన్ల వివరాలన్నీ ఇమ్మని పోలీసులు గూగుల్‌కి వారెంట్ ఇచ్చారు. ఎక్కడెక్కడ తిరిగాడో నమోదు చేసే వ్యాయామం యాప్ పుణ్యమా అని ఆయన అనుమానితుడయ్యాడు. బయటపడటానికి లాయర్ని పెట్టుకోవాల్సి వచ్చింది.

అధికారి: వారెంట్ అయితే ఉంది కదా!

లాయరు: అందులో పేరు లేదు. గొడవంతా అక్కడే. ముందు అందరినీ పట్టుకుని, తర్వాత అనుమానితుణ్ణి ఏరుకోవడం!

అధికారి: పోనీ, కోర్టు అనుమతితోనే ఫోన్లు వినే ఏర్పాటు?

లాయరు: గ్రీస్‌లో ఫోన్ కాల్స్ కలిపే కంపెనీ యంత్రాల్లో అలాంటి ఏర్పాటే ఉండేది. 2004-05లో ఎవరో రహస్యంగా అందులో దూరి, ప్రధానమంత్రితో సహా దాదాపు 100 మంది ఫోన్లు విన్నారు. తలుపు పెట్టింది పోలీసుల కోసమే, దూరింది ఇంకెవరో.

అధికారి: సరే, మీ షరతులేమిటి?

లాయరు: పేరు, అనుమానానికి కారణం, గడువు. పనయ్యాక చెరిపేయడం.

అధికారి: హత్య జరిగిన రోజు నా దగ్గర పేరెక్కడుంటుందండీ? ఆ డీఎన్‌ఏ కేసులో దశాబ్దాలపాటు పేరే లేదు.

లాయరు: (కాస్త ఇబ్బందిగా) హత్యకి, అత్యాచారానికి సడలిస్తాను. ఇంటి దొంగతనానికి మాత్రం కుదరదు.

అధికారి: ఆ ఇల్లు మీదైతే?

లాయరు: అప్పుడు మీకంటే నేనే ఎక్కువ అడుగుతాను. అందుకే ఆ నిర్ణయం నాకూ వద్దు, మీకూ వద్దు, జడ్జికి వదలండి.

అధికారి: అర్ధరాత్రి జడ్జి దొరకాలి కదా?

లాయరు: దొరికేలా ఒకరిని డ్యూటీలో పెట్టండి. మీ నిఘా కెమెరాల ఖర్చు ముందు అదెంత?